సృష్టిని చూసి దేవుని గురించి ఎంతవరకు తెలుసుకోవచ్చు? (రోమా 1:20)

సండేస్కూల్_టీచర్
అందరికీ వందనాలు. వచ్చే నెల మా యూత్ మీటింగ్‌లో "సృష్టి, సృష్టికర్త" అనే అంశం నాకు ఇచ్చారు. కీర్తన 19తో మొదలుపెట్టాలనుకున్నాను. "ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి, అంతరిక్షము ఆయన చేతిపనిని ప్రచురపరచుచున్నది." అక్కడి నుంచి రోమా 1:20కి వెళ్దామని నా ప్లాన్. దేవుని నిత్యశక్తి, దేవత్వం సృష్టింపబడిన వస్తువులను ఆలోచిస్తే తేటపడుతున్నాయని పౌలు అంటాడు కదా.

అంశం ప్రకటించగానే ఇంటర్ చదివే ఒక అబ్బాయి అడిగాడు: "టీచర్, పువ్వును చూస్తే దేవుడు ఎంత మంచివాడో తెలుస్తుందంటారు. మరి తుఫానులో మా అరటితోట పడిపోయింది. దాన్ని చూస్తే ఏం తెలుస్తుంది?" వాళ్లది కౌలు భూమి. ఈ ప్రశ్నను పక్కన పెట్టి నక్షత్రాల గురించి మాట్లాడటానికి నాకు మనసు ఒప్పడం లేదు.

సృష్టి దేవుని గురించి ఏం చెబుతుంది, ఏం చెప్పదు? లోతుగా చదివినవాళ్లు సాయం చేయండి. వేరే సంఘాలవాళ్లు, నమ్మకం లేనివాళ్లు కూడా రాయవచ్చు.

బైబిల్_విద్యార్థి
వందనాలు సిస్టర్. రోమా 1:20లో పౌలు ఎంత తక్కువ చెప్పాడో ముందు గమనించండి. ఆయన పేర్కొన్నవి రెండే: నిత్యశక్తి, దేవత్వం. ప్రేమ, క్షమాపణ, రక్షణ ఆ వచనంలో లేవు. 18 నుంచి 25 వరకు కలిపి చదివితే పౌలు ఉద్దేశం అర్థమవుతుంది. "మాకు తెలియదు" అని తప్పించుకునే అవకాశం ఎవరికీ లేదని చెప్పడానికే ఆయన సృష్టిని సాక్షిగా తెచ్చాడు. ఆ వచనంతో పువ్వును చూపించి "దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు" అనడం పౌలు వేయని అడుగు వేయడమే.

కీర్తన 19 కూడా సగంలో ఆపకండి. మొదటి ఆరు వచనాలు ఆకాశం గురించి, ఏడో వచనం నుంచి ధర్మశాస్త్రం గురించి. ప్రాణాన్ని తెప్పరిల్లజేసేది ధర్మశాస్త్రం అని ఏడో వచనం అంటుంది. ఆ పని ఆకాశానికి అప్పగించలేదు.

ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ తన గ్రంథం మొదటి భాగంలో ఒక పోలిక ఇస్తాడు. చూపు మందగించిన ముసలాయన ముందు పుస్తకం పెడితే ఏదో రాసి ఉందని తెలుస్తుంది కానీ రెండు మాటలు కూడా కూడబలుక్కోలేడు. కళ్లద్దాలు పెడితే చదువుతాడు. ఆయన దృష్టిలో లేఖనం ఆ కళ్లద్దాలు.

విచారణ_సభ్యురాలు
నేను కథోలికురాలిని. మా బోధ ఇక్కడ కొంచెం ఇంకో వైపు మొగ్గుతుంది. 1870లో మొదటి వాటికన్ మహాసభ దీన్ని స్పష్టంగా ప్రకటించింది: సృష్టి వస్తువుల ద్వారా మనిషి తన సహజమైన బుద్ధితో దేవుడు ఉన్నాడని నిశ్చయంగా తెలుసుకోగలడు. బుద్ధి కూడా దేవుడిచ్చిందే కాబట్టి దాన్ని చిన్నచూపు చూడకూడదని మా అభిప్రాయం. పునీత తోమా అక్వినాస్ తన "సుమ్మా థియోలాజికా" గ్రంథంలో దేవుడున్నాడని తెలుసుకోవడానికి ఐదు మార్గాలు చూపింది ఈ నమ్మకంతోనే. ప్రతి కదలికకూ ఒక కారణం ఉంది, ఆ కారణానికీ ఒక కారణం ఉంది, అన్నిటికీ మూలమైనది ఏది అని ఆయన వెతుక్కుంటూ పోతాడు.

అయితే అదే అక్వినాస్ ఆ గ్రంథం మొదటి ప్రశ్నలోనే ఇంకో సంగతి చెప్పాడు. బుద్ధి ద్వారా దేవుణ్ణి తెలుసుకోవడం కొద్దిమందికే, చాలా కాలానికి, అనేక పొరపాట్లతో కలిసి సాధ్యమవుతుందని. అందుకే దైవవాక్కు అవసరమైందని. కాబట్టి సోదరుడు రాసినదానికి మేము మరీ దూరంగా లేము.

టీచర్ గారూ, మీ అబ్బాయి ప్రశ్నకు నాకు గుర్తొచ్చేది అసీసి పునీత ఫ్రాన్సిస్ సూర్యగీతం. సూర్యుణ్ణి సోదరుడని, చంద్రుణ్ణి సోదరి అని పిలుస్తూ దేవుణ్ణి స్తుతించిన పాట. 1225 ప్రాంతంలో దాన్ని కూర్చినప్పుడు ఆయనకు చూపు దాదాపు పోయింది, వెలుతురు చూస్తే కళ్లు మండేవి. సూర్యుడు తనకు నొప్పి తెస్తున్న రోజుల్లో సూర్యుణ్ణి బట్టి దేవుణ్ణి స్తుతించాడు. చివర్లో మరణాన్ని కూడా సోదరి అన్నాడు. సుఖంగా ఉన్నవాడు తోటలో కూర్చుని రాసిన పాట కాదది.

సందేహి
నేను విశ్వాసిని కాను, కానీ క్రైస్తవ కుటుంబంలోనే పెరిగాను. మర్యాదగానే అడుగుతున్నాను. వాన పడితే దేవుని దయ, తుఫాను వస్తే "మనకు అర్థం కాని మర్మం". ఇది న్యాయమైన వాదనేనా? సాక్ష్యం అంటే రెండు వైపులా వినాలి కదా.

1755 నవంబరు 1న లిస్బన్ నగరంలో భూకంపం వచ్చింది. అది సకల పునీతుల పండుగ. పొద్దున పూట, జనం చర్చిల్లో ఉన్న సమయం. చర్చిలు కూలాయి, తర్వాత సముద్రం పొంగింది, ఆపైన రోజుల తరబడి మంటలు. "అంతా మేలుకే" అనే మాట మీద ఫ్రెంచి రచయిత వోల్టేర్ తిరగబడింది ఆ తర్వాతే. ఆ ప్రశ్నకు ఇప్పటిదాకా నాకు సమాధానం దొరకలేదు.

జీవశాస్త్రం_లెక్చరర్
సందేహి గారి ప్రశ్నను ఇంకొంచెం గట్టిగా చేస్తాను, ఎందుకంటే మనవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు.

1802లో విలియం పేలీ అనే ఇంగ్లండు మతగురువు ఒక వాదన చేశాడు. దారిలో గడియారం కనబడితే దాన్ని చేసినవాడు ఒకడున్నాడని అనుకుంటాం, కన్ను అంతకంటే క్లిష్టమైనది కాబట్టి దానికీ ఒక రూపకర్త ఉన్నాడు. ఇప్పటికీ మన మీటింగుల్లో వినబడేది చాలావరకు ఇదే. 1859లో డార్విన్ పుస్తకం వచ్చాక ఈ వాదన నిలబడటం కష్టమైంది. జీవుల్లో కనిపించే అమరిక సహజ ఎంపిక వల్ల ఎలా ఏర్పడుతుందో ఆయన చూపించాడు. మరుసటి ఏడు మే నెలలో, హార్వర్డ్‌లో వృక్షశాస్త్రజ్ఞుడూ క్రైస్తవ విశ్వాసీ అయిన ఏసా గ్రేకు డార్విన్ ఉత్తరం రాశాడు. కొన్ని కందిరీగలు బతికున్న గొంగళిపురుగు శరీరంలో గుడ్లు పెడతాయి, పిల్లలు దాన్ని లోపలి నుంచి తింటూ పెరుగుతాయి. దయగల సర్వశక్తిమంతుడు దీన్ని కావాలని సృష్టించాడని నన్ను నేను ఒప్పించుకోలేకపోతున్నాను అన్నది ఆ ఉత్తరం సారాంశం.

మన పొలాల్లో దీనికి దగ్గరి చుట్టం ఉంది. వరిలో కాండం తొలిచే పురుగు కోసం కట్టే ట్రైకో కార్డులు చాలామంది చూసే ఉంటారు. అందులో ఉండేది ట్రైకోగ్రామా, మిల్లీమీటరు కూడా లేని పరాన్నజీవి కందిరీగ. ఇది పురుగు గుడ్లలో తన గుడ్లు పెడుతుంది. రైతుకు మందు ఖర్చు తగ్గుతుంది, పంట దక్కుతుంది. రైతు "దేవుడు మేలు చేశాడు" అంటాడు. డార్విన్‌ను కలవరపెట్టిన పద్ధతే ఇక్కడ అన్నం పెడుతోంది. అలాగని కలవరం తీరిపోయిందని నేను అనను. మనకు లాభం కాబట్టి మంచిది అనుకుంటే అది మన లెక్క అవుతుంది, దేవుని గుణం తెలిసినట్టు కాదు.

నేను పరిణామాన్ని పాఠం చెబుతాను, ఆదివారం ఆరాధనకూ వెళ్తాను. సైన్స్‌కు ఇంకా తెలియని ఖాళీల్లో దేవుణ్ణి పెట్టవద్దని మాత్రం పిల్లలకు చెబుతాను. ఆ ఖాళీ రేపు పూడితే పిల్లాడి విశ్వాసం కూడా పోతుంది. ఏసా గ్రే డార్విన్ సిద్ధాంతాన్ని అమెరికాలో సమర్థించాడు, విశ్వాసాన్నీ వదల్లేదు. అది పిల్లలకు తెలియాలి.

వాక్యమే_దీపం
క్షమించాలి, ఇక్కడ అందరూ దేవుని ఉగ్రతను మర్చిపోతున్నారు. ఆమోసు 3:6 చదవండి. పట్టణంలో ఉపద్రవం వస్తే అది యెహోవా చేయకుండా వస్తుందా అని ప్రవక్త అడిగాడు. ప్రళయం, సొదొమ, ఐగుప్తు తెగుళ్లు అన్నీ ప్రకృతి ద్వారా వచ్చినవే. తుఫాను కూడా మాట్లాడుతుంది: మారుమనస్సు పొందండి అని. ఆ అబ్బాయికి ఇది ప్రేమతో చెప్పాలి.

తీరవాసి
వాక్యమే_దీపం అన్నా, మాది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో మా తాతగారి ఇంట్లో మిగిలింది మా నాన్న, ఒక మేనత్త. ప్రభుత్వ లెక్కే పదివేలు దాటింది. ఆ తర్వాత మా వైపు వచ్చి ఇది మీ పాపాలకు తీర్పు అని చెప్పినవాళ్లు ఉన్నారు. మా మేనత్త ఆ మాట విని చాలా ఏళ్లు చర్చికి వెళ్లలేదు. చనిపోయినవాళ్లలో పాలు తాగే పిల్లలున్నారు. ఆమెకు ఆ మాట ఎవరైనా ప్రేమతో చెప్పగలరా?

ఆమోసు 3:6 పక్కనే 7వ వచనం ఉంది. తన సేవకులైన ప్రవక్తలకు తన సంకల్పాన్ని బయలుపరచకుండా ప్రభువు ఏమీ చేయడు అని. అంటే ఆమోసు తన గ్రంథంలో చెప్పే మిడతల్ని చూసి తనంతట తాను తీర్పు చదవలేదు. దేవుడు ముందు మాట ఇచ్చాడు, ఆ మాట వల్ల మిడతలకు అర్థం వచ్చింది. ఆ మాట లేకుండా ఒక ఉప్పెనను చూపించి "ఇది ఫలానా పాపానికి" అనే అధికారం మనకు ఎవరిచ్చారు?

లూకా 13లో యేసు ముందుకు సరిగ్గా ఇదే వచ్చింది. సిలోయము గోపురం పడి 18 మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో మిగతావాళ్లకంటే పెద్ద పాపులా? కారు అన్నాడు ఆయన. మారుమనస్సు మాట ఆయనా చెప్పాడు, కాదనను. కానీ బతికి వింటున్నవాళ్లకు చెప్పాడు. చనిపోయినవాళ్ల మీద తీర్పు రాయలేదు.

యోబు స్నేహితులు చేసింది కూడా ఇదే. జరిగినదాన్ని చూసి యోబు పాపి అని తేల్చారు. చివరికి దేవుడు ఆ స్నేహితుల మీదే కోపించాడు (42:7).

వాక్యమే_దీపం
తమ్ముడూ, మీ కుటుంబానికి జరిగింది చదివి బాధ కలిగింది. 7వ వచనం గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను. దేవుని భయం మాత్రం వదలకూడదు అన్నదే నా ఆందోళన.

తీరవాసి
వదలమని నేనూ అనను అన్నా. సముద్రం పక్కన పుట్టినవాడికి భయం ఎవరూ నేర్పనక్కర్లేదు.

టీచర్ గారికి ఒక సూచన. పిల్లలతో యోబు 38, 39 అధ్యాయాలు చదివించండి. నాకు తెలిసినంతలో బైబిల్‌లో సృష్టి గురించి అంత సూటిగా మాట్లాడిన భాగం ఇంకోటి లేదు. యోబు "ఎందుకు" అని అడిగాడు. దేవుడు ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. అడవి మేకలు ఎప్పుడు ఈనతాయో తెలుసా, కాకి పిల్లలు ఆకలికి అరిస్తే ఎవరు పెడుతున్నారు, మనుషులే లేని ఎడారిలో వాన ఎవరు కురిపిస్తున్నారు అని ఎదురు అడిగాడు. ఆ చివరి ప్రశ్న నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. ఎవరికీ పంట లేని చోట కురిసే వాన దేవునికి ముఖ్యమే. సృష్టి అంతా మన చుట్టూ తిరగడం లేదని దేవుడే యోబుకు చూపించాడు.

39వ అధ్యాయంలో నిప్పుకోడి ఉంది. గుడ్లను నేల మీద, ఇసుకలో వదిలేస్తుంది, ఎవరి కాలు పడుతుందో కూడా పట్టించుకోదు. దేవుడే దానికి వివేకం ఇవ్వలేదు అని రాసి ఉంది. మా ఒడ్డుకు శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వస్తాయి. రాత్రిపూట గుంట తవ్వి, గుడ్లు పెట్టి, ఇసుక కప్పి సముద్రంలోకి వెళ్లిపోతాయి. మళ్లీ చూసుకోవు. పిల్లల్లో ఎక్కువ భాగం నక్కలకు, కాకులకు, పీతలకు పోతాయి. బైబిల్ ఈ సంగతిని దాచలేదు. కీర్తన 104లో సింహపు పిల్లలు వేట కోసం గర్జిస్తూ తమ ఆహారాన్ని దేవుని దగ్గరే అడుగుతున్నాయి. లెక్చరర్ గారు అన్న కందిరీగ కూడా ఆ వరుసలో నిలబడుతుంది అనుకుంటాను. అందమైన భాగాలే ఏరుకుని చెప్పేది మనం, బైబిల్ కాదు.

లూథరన్_యువత
ఈ చర్చలో సంస్కర్త మార్టిన్ లూథర్ మాట రావాలి. 1518లో హైడెల్‌బర్గ్‌లో జరిగిన వాదంలో 19, 20 సిద్ధాంతాలు నేరుగా రోమా 1:20 మీదే. సృష్టించబడినవాటి ద్వారా దేవుని అదృశ్య లక్షణాలను చూడగలను అనుకునేవాడు వేదాంతి కాడు, శ్రమల్లో, సిలువలో దేవుణ్ణి చూసేవాడే వేదాంతి అన్నాడు. సృష్టి అబద్ధం చెబుతుందని ఆయన భావం కాదు. మనిషి దాన్ని తనకు నచ్చినట్టు చదువుకుని, బలం ఉన్నచోట, గెలుపు ఉన్నచోట దేవుడున్నాడని తేల్చేస్తాడు. సిలువ మీద దేవుడు బలహీనంగా కనబడ్డాడు. అది ఏ కొండా, ఏ నక్షత్రమూ మనకు చెప్పగలిగింది కాదు.

ఇది పాత పుస్తకాల గొడవ అనుకోకండి. 1934లో ఎమిల్ బ్రున్నర్ అనే వేదాంతి "ప్రకృతి, కృప" అని ఒక చిన్న పుస్తకం రాశాడు. సృష్టిలో సువార్తకు ఒక ఆనుకునే చోటు ఉందని ఆయన వాదన. ఇంకో వేదాంతి కార్ల్ బార్త్ తన జవాబు పుస్తకానికి పెట్టిన పేరు ఒకే మాట: "కాదు!" ఇద్దరూ స్విట్జర్లాండ్‌వాళ్లే, స్నేహితులే. అంత కోపం ఎందుకంటే ఆ రోజుల్లో జర్మనీలో "జర్మన్ క్రైస్తవులు" అనే వర్గం జాతి, రక్తం, నేల కూడా దేవుడు ఏర్పరచిన సృష్టి క్రమం అని, హిట్లర్ రావడంలో దేవుని చేయి ఉందని బోధిస్తోంది. అదే ఏడాది మే నెలలో ఆ బోధను ఎదిరించిన జర్మన్ సంఘాల నుంచి బార్మెన్ ప్రకటన వచ్చింది, దాన్ని ఎక్కువగా రాసింది బార్తే. సంఘం వినాల్సిన దేవుని వాక్యం యేసుక్రీస్తు ఒక్కడే, దాని పక్కన వేరే సంఘటనలను, శక్తులను, వ్యక్తులను దేవుని ప్రత్యక్షతగా పెట్టం అని. మరుసటి ఏడు బార్త్ జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

పేటబిడ్డ
పైన లూథరన్ బ్రదర్ రాసింది చదివాక ఊరుకోలేకపోతున్నాను. "సృష్టి క్రమం" అనే మాట మా పెద్దలు బాగా విన్నారు. దేవుడే ఇలా పుట్టించాడు, చేతి ఐదు వేళ్లూ సమానంగా ఉంటాయా అని చెప్పి మమ్మల్ని ఊరికి దూరంగా ఉంచారు, చెరువు నీళ్లు ముట్టనివ్వలేదు. ప్రకృతిని చూపించే మనిషి చేతిలో కర్ర కూడా ఉండొచ్చని మాకు తెలుసు. అందుకే ప్రకృతి ఫలానాది చెబుతోంది అని ఎవరైనా అంటే, చెబుతున్నది ఎవరు, దానివల్ల లాభం ఎవరికి అని ముందు చూస్తాను.

అయినా నేను కీర్తన 19ని వదులుకోను. సూర్యుని వేడిమికి మరుగైనది ఏదీ లేదని అందులో ఉంది. ఊరికీ పేటకూ ఒకే సూర్యుడు. మత్తయి 5:45లో యేసు అన్నది కూడా అదే, చెడ్డవాళ్ల మీదా మంచివాళ్ల మీదా ఒకే సూర్యుణ్ణి ఉదయింపజేస్తున్నాడని. మనుషులు గీసిన గీతలు సూర్యుడికి తెలియవు. ఈ ఒక్కటి మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి టీచర్ గారూ.

గోదావరి_ఒడ్డు
నేను హిందువును. మా నాయనమ్మ రోజూ పొద్దున్నే గోదావరిలో నిలబడి సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చేది. ఆమె కూడా ఇచ్చినవాడికి కృతజ్ఞత చెబుతున్నానే అనుకునేది. మీ రోమా పత్రిక ప్రకారం ఆమె చేసింది దేవుణ్ణి తెలుసుకోవడమా, తప్పించుకోవడమా? వాదనకు కాదు, నిజంగా తెలుసుకుందామని అడుగుతున్నాను.

బైబిల్_విద్యార్థి
అడిగినందుకు సంతోషం అండీ. దాచకుండా చెప్పాలంటే రోమా 1 సృష్టిని పూజించడాన్ని తప్పుగానే చూస్తుంది. అదే పౌలు అపొస్తలుల కార్యములు 17లో ఏథెన్సులో మాట్లాడిన తీరు వేరు. "మనమాయన సంతానము" అని వాళ్ల కవులు అన్న మాటనే తీసుకుని వాళ్లకు చెప్పాడు. అది గ్రీకు కవి అరాటస్ కావ్యంలోది, ఆయనా పౌలులాగే కిలికియవాడు. దేవుడు మనలో ఎవరికీ దూరంగా లేడని, తడవులాడి కనుగొనాలని ఆయన మనుషుల్ని ఇలా ఉంచాడని పౌలు అన్నాడు. మీ నాయనమ్మ గారి కృతజ్ఞతలో ఆ వెతుకులాట ఉందని నేను నమ్ముతాను. ఆ కృతజ్ఞత చేరవలసినవాడు క్రీస్తులో తన్ను తాను చూపించుకున్నాడని కూడా నమ్ముతాను. ఆమె మీద తీర్పు చెప్పడం మాత్రం నా పని కాదు.

విచారణ_సభ్యురాలు
దీనికి అపొస్తలుల కార్యములు 14:17 కూడా చేర్చండి. లుస్త్రలో పౌలు, బర్నబా యూదులు కాని పల్లె జనంతో మాట్లాడినప్పుడు లేఖనం ఎత్తలేదు. ఆకాశం నుంచి వర్షం, ఫలవంతమైన రుతువులు, ఆహారం ఇచ్చి, ఉల్లాసంతో మీ హృదయాలు నింపి, దేవుడు తన గురించి సాక్ష్యం లేకుండా చేయలేదు అన్నారు. రోమాలో శక్తి, దేవత్వం మాత్రమే ఉన్నాయని మొదట రాశారు కదా. ఇక్కడ మేలు కూడా ఉంది. సృష్టి దేవుని దయను అసలు చెప్పదు అనడం అతి అవుతుంది.

సందేహి
మరి ఆ వాన రాకపోతే? ఆ సాక్ష్యం వెనక్కి తీసుకున్నట్టేనా?

గుండ్లకమ్మ
సందేహి గారూ, ఈ ప్రశ్న మా ఒంగోలు ప్రాంతం అనుభవించిందే. 1876 నుంచి 78 దాకా వానల్లేక ఘోరమైన కరువు. అప్పుడు అక్కడున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి ఇప్పించాడు. ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగితే కరువు సాయం నడిచినంత కాలం ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారని అనిపించుకోకూడదని. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇది మీ ప్రశ్నకు పూర్తి జవాబు అని నేను అనను. కరువులో చనిపోయినవాళ్లు చనిపోయారు. కానీ వాన ఆగిపోయిన రోజుల్లో మా పూర్వీకులు దేవుణ్ణి ఆకాశంలో చదవలేదు. తమతోపాటు కాలువ గట్టు మీద నిలబడినవాళ్లలో చూశారు.

సందేహి
ఈ చరిత్ర నాకు తెలియదు. సాయం చేసిన మనుషుల్ని నేనూ గౌరవిస్తాను. నా అభ్యంతరం అలాగే ఉంది: అది మనుషుల మంచితనం, ప్రకృతి చెప్పింది కాదు. అయితే ఇక్కడ ఎవరూ నన్ను మాటలతో మాయ చేయలేదు, అది గమనించాను.

జీవశాస్త్రం_లెక్చరర్
ఆ అభ్యంతరంలో సగం పౌలే ఒప్పుకున్నాడండీ. రోమా 8:22: "సృష్టి యావత్తు ఇదివరకు ఏకగ్రీవముగా మూలుగుచు ప్రసవవేదనపడుచునున్నది." ఒకటో అధ్యాయంలో దేవుని శక్తిని చూపిన సృష్టే ఎనిమిదో అధ్యాయంలో మూలుగుతోంది. రెండూ ఒకే ఉత్తరంలో ఉన్నాయి. పూర్తి అయిపోయిన సృష్టిని చూస్తున్నామని క్రైస్తవ విశ్వాసం ఎప్పుడూ అనలేదు. ప్రసవం ఇంకా జరుగుతోంది. నొప్పిని నొప్పి అనడానికి నాకు ఆ వచనం అనుమతి ఇస్తుంది.

సండేస్కూల్_టీచర్
అందరికీ కృతజ్ఞతలు. నా ప్లాన్ మార్చుకున్నాను. కీర్తన 19 రెండు భాగాలూ చదువుతాం, పేటబిడ్డ గారు చెప్పిన సూర్యుని మాటతో సహా. తర్వాత యోబు 38, 39 పిల్లలే చదువుతారు. లూకా 13, రోమా 8 చివర్లో. ఆ అబ్బాయికి మాత్రం మీటింగ్ దాకా ఆగకుండా ముందే ఇంటికి వెళ్లి చెబుతాను: తోట పడిపోవడం నీ కుటుంబం మీద తీర్పు అని ఎవరన్నా నమ్మవద్దని. పంట నష్టం నమోదుకు కౌలు రైతు గుర్తింపు కార్డు వాళ్ల నాన్న దగ్గర ఉందో లేదో కూడా కనుక్కోవాలి. మా సంఘంలో ఆ కాగితాలు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు, ఆయన్నీ తీసుకెళ్తాను.

తీరవాసి గారూ, మీకు వీలైతే ఆ రోజు వచ్చి యోబు భాగం మీరు చెప్పగలరా?

తీరవాసి
వస్తాను టీచర్ గారూ. తేదీ పెట్టండి. మా మేనత్తను కూడా అడుగుతాను, ఆమె ఇప్పుడు చర్చికి వెళ్తోంది. మాట్లాడతానంటే ఆమెకే ముందు సమయం ఇవ్వండి.